మధ్యాహ్నం చచ్చిపోయే గింజలు

గవ్వలతిప్ప విత్తన డిపో, పొరకన్ను దినచర్య.
రాస్తున్నది: నడకుదిటి నాంచారి, పొరలు చదివే మనిషి.

నమోదు 1. కృత్తిక కార్తె, రెండో రోజు. గాలి పడమర.

కొత్త పుస్తకం మొదలుపెడుతున్నాను. పాతవాటిని నిన్న మండలి వాళ్ళు పడవలో వేసుకుపోయారు. పుస్తకాలు పోయినందుకు నాకేం బాధ లేదు. మా కుండని బయట పారేయించారు, అందుకు మండుతోంది.

గింజల పొరలు చూపించే యంత్రం పొరకన్ను. అది ఉన్న గదిలో ఒక మూల తడి ఇసుక, అందులో మెడ దాకా పాతిన మట్టికుండ, దాని మీద తడి గోనె ఉండేవి. ఒక ఇంటి విత్తనం చదవడం అయ్యాక యంత్రంలోంచి దాని కంటి బిళ్ళ తీసి కుండలో పెట్టేదాన్ని. తర్వాతి ఇంటివాళ్ళు పళ్ళెంలో గింజలు సర్దేదాకా అది అక్కడే ఉండేది. అంకమ్మ పెద్దమ్మ నాకు ముందు ముప్ఫై ఏళ్ళు ఈ పని చేసింది. కుండ ఆవిడ పెట్టిందే. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. "బిళ్ళకి చల్లగా ఉంటే హాయే" అనేది. ముసలావిడ చాదస్తం అనుకుంటూనే రోజూ గోనె తడిపేదాన్ని.

నిన్న విత్తన పాలక మండలి పర్యవేక్షకుడు శేషఫణి గారు దిగారు. మనిషి మర్యాదస్తుడే. చెప్పులు బయట విడిచి మరీ లోపలికొచ్చాడు.

"ఇదేంటమ్మా, పరికరాల గదిలో కుండా ఇసుకా? వంటిల్లనుకున్నారా?"

"బిళ్ళ పెట్టుకోటానికండి. మా పెద్దమ్మ కాలం నించీ ఇంతే."

"ముప్ఫై మూడు తిప్పల్లోనూ ఇదే వరస. ఎవర్నడిగినా పెద్దమ్మ, మేనత్త, తాతయ్య! ఒక్క ఇసుక రేణువు గీసిందంటే బిళ్ళ పనికిరాదు. కొత్త నియమం వచ్చింది, తీయించెయ్యండి."

గోడకి కాగితం అంటించాడు. మట్టి, ఇసుక, తడిగుడ్డ ఈ గదిలో ఉండరాదు. కింద ఆయన సంతకం. నేను పోట్లాడాల్సింది. పైవాళ్ళ ముందు నా నోరు ఎప్పుడూ ఒక రోజు ఆలస్యంగా లేస్తుంది. కుండ నేనే మోసుకెళ్ళి గుమ్మం బయట పెట్టాను.

నమోదు 2. కృత్తిక, మూడో రోజు. గాలి పడమర, వడగాలి.

ఇవాళ్టి నుంచి ఈ ఏటి విత్తనం చదవడం మొదలు. రెండు వందల ముప్ఫై ఎనిమిది ఇళ్ళు, నాలుగు రోజుల పని. ఇంటికి ఇరవై గింజలు.

మా పద్ధతి ఎప్పటిదో. తూర్పు వీధి వాళ్ళు మధ్యాహ్నం పడవల మీద పోతారు గనక వాళ్ళవి పొద్దున చదువుతాను. పడమటి వీధి వాళ్ళు పొద్దున్నే పీతలకి పోయి భోజనాల వేళకి తిరిగొస్తారు గనక వాళ్ళవి మధ్యాహ్నం. ఎవరికీ ఇబ్బంది లేదు, ఎవరూ వరస తప్పరు.

ఒడ్డు నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఒకావిడ యంత్రాన్ని చూసి, "గింజ కొయ్యకుండా లోపల ఎట్టా కనపడుద్ది?" అని అడిగింది. ఇది చెప్పమంటే నాకు అన్నం అక్కర్లేదు. గింజ గుండా గట్టి వెలుగు పంపి మామూలు అద్దంతో చూస్తే ఊక, తవుడు, పిండి అన్నీ ఒకదాని మీద ఒకటి పడి పులుసు కనపడుతుంది. బిళ్ళ సంగతి వేరు. బెల్లం ముక్కంత మందాన ఉండే ఆ బిళ్ళ నిండా, పై నుంచి కింది దాకా, వెలుగుతో గీసిన సన్నగీతలు ఉన్నాయి. హోలోగ్రామ్ అంటే అదే. ఏ లోతు నుంచి వచ్చే వెలుగుని పట్టుకోవాలో తయారుచేసేటప్పుడే దానికి నేర్పుతారు. ఆ లోతు వెలుగు తప్ప ఇంకోటి దాని కంటికి ఆనదు. మా బిళ్ళకి అయిదు లోతులు నేర్పారు. అయిదు బొమ్మలు పక్కపక్కన ఒకేసారి తెర మీద పడతాయి. మూడో బొమ్మలో అంకురం ఉండాలి. ఉంటే విత్తనం, లేకపోతే తాలు.

"ఓలమ్మో" అంది ఆవిడ. నాకు ఆ మాట చాలు.

బొమ్మ లేనిదే నాటు లేదు, ఇదీ మండలి చట్టం. పైగా మాది ఉప్పెర్ర వరి. ఎర్ర గింజ, ముతక అన్నం, పెళ్ళిళ్ళలో వడ్డిస్తే ఒడ్డువాళ్ళు మొహం పెడతారు. కానీ ఈ ఉప్పునేలలో బతికే వరి అదొక్కటే.

పొద్దున అన్నీ బాగున్నాయి. మధ్యాహ్నం పడమటి వీధిలో ముప్ఫై ఇళ్ళు చదివితే ఇరవై ఆరు తాలు.

నమోదు 3. కృత్తిక, ఆరో రోజు. గాలి పడమర.

చదవడం ముగిసింది. తూర్పు వీధి మొత్తం బాగుంది. పడమటి వీధిలో నూట పదిహేడిళ్ళకి నూట నాలుగు తాలు. మూడో బొమ్మ నిండా తెల్లటి పిండి తప్ప అంకురం అన్నది లేదు.

కారణం కూడా నేనే కనిపెట్టాను, తెలివి ఎక్కువై. పడమటి వీధి పొలాలు ఉప్పుటేరు పక్కన ఉన్నాయి. ఈ ఏడు ఏరు పొంగింది. ఉప్పు గింజలోకి దిగిందన్నాను. అందరూ తలలూపారు. ఇంత చక్కగా కుదిరిన కారణాన్ని ఎవరు కాదంటారు?

నూట నాలుగు కాగితాల మీద సంతకం పెట్టాను. తాలని రాసిన విత్తనాన్ని మండలి కాల్చేస్తుంది. తిప్పలో మూడో వంతు విత్తనం తాలని తేలితే తిప్పని సాగు జాబితాలోంచి కొట్టేస్తారు. సాగు లేని తిప్పకి మంచినీళ్ళ పడవ రాదు. అంటే జనమంతా మూటలు సర్దుకుని ఒడ్డు మీద మండలి కట్టిన పన్నెండంతస్తుల గూళ్ళలోకి పోవాలి. మూడో వంతుకి ఎనభై చాలు. మాకు నూట నాలుగు.

నమోదు 4. కృత్తిక, ఎనిమిదో రోజు. గాలి పడమర.

తెల్లారేసరికి గంగులు మావ డిపో గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. పడమటి వీధి విత్తనం దాచే పెద్ద ఆయనే. పీతలకి పోవడం మానుకుని వచ్చాడు, ఒళ్ళో గింజల సంచి.

"నా గింజలు మళ్ళా చూడు."

"మొన్న చూశాగా మావా. ఇరవైకి ఇరవై తాలు."

"తాలు నీ మొహం! నా చేత్తో ఎండబెట్టి, నా చేత్తో దాచా. తాలు ముట్టుకుంటే నాకు తెలవదా?"

నోరు మూయించడానికి చూశాను. ఇరవైకి పంతొమ్మిదింట్లో అంకురం. మూడో బొమ్మలో, మూలకి ఒదిగి, నిక్షేపంలా ఉంది.

"గింజలు మార్చావా మావా?" అన్నాను.

అనకూడని మాట. మావ కండువా విసిరి నేలకేసి కొట్టాడు. "నలభై ఏళ్ళ నించీ ఈ తిప్పకి విత్తనం దాస్తన్నా. నన్ను దొంగని చేస్తావా?" అని గింజలు పళ్ళెంలోనే వదిలేసి వెళ్ళిపోయాడు. కళ్ళు తడిగా ఉన్నాయి.

చదివిన గింజల్ని నేను ముద్ర వేసి పొట్లాల్లో దాస్తాను. మావ పేరున్న పొట్లం తీసి ముద్ర విప్పాను. నా చేత్తో తాలని రాసిన అవే ఇరవై. ఇప్పుడు పద్దెనిమిదింట్లో అంకురం. కూర్చుండిపోయాను.

పళ్ళెం కదపకుండా అక్కడే ఉంచి గంటగంటకీ చూశాను. పదింటికి పద్దెనిమిది. పన్నెండింటికి మసక. రెండింటికి ఒక్కటీ లేదు. గింజలు మధ్యాహ్నం చచ్చిపోతున్నాయి.

పరిగెత్తి అంకమ్మ పెద్దమ్మని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. ఆవిడకి చూపు సరిగ్గా ఆనదు. బిళ్ళ చేతికిస్తే వేళ్ళ మధ్య తిప్పింది.

"ఇదేంటే, జొరమొచ్చిన పిల్లలా కాలిపోతంది! కుండలో పెట్టలా?"

"కుండ తీయించేశారు పెద్దమ్మా."

"తీయిస్తే? నీకు బుద్ధి లేదా? వేడికి బిళ్ళ ఉబ్బుద్ది. ఉబ్బితే లోపల గీతలు జరుగుతాయి. గీతలు జరిగితే లోతు మారుద్ది. నువ్వు అంకురమనుకుని చూసేది దాని వెనకాల పిండిని. చల్లగదిలో నేర్పిన బిళ్ళ చల్లగా ఉంటేనే నేర్పింది చెప్పుద్ది."

"ఈ ముక్క నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వెప్పుడన్నా అడిగావా?"

నా పొగరు అణగడానికి ఆ ఒక్క మాట సరిపోయింది. గాలి ఎటుందో రోజూ రాయమన్నది కూడా ఆవిడే, దానికీ కారణం అడగలేదు. పడమటి గాలి ఉంటే గోనె ఆరి కుండ చల్లబడుతుంది, సముద్రపు గాలికి ఆరదు, ఆ రోజుల్లో మధ్యాహ్నం చదవకూడదట. ఇన్నేళ్ళూ గాలి రాశాను, దాని అర్థం ఇవాళ తెలిసింది.

ఉప్పుటేరు తప్పేం లేదు. పడమటి వీధి తప్పేం లేదు. నూట నాలుగిళ్ళ విత్తనాన్ని కాగితం మీద చంపింది నేను. మావ ఇంటికెళ్ళి కాళ్ళు పట్టుకున్నాను. ఆయన కాళ్ళు లాక్కుని లోపలికి పోయాడు. తిట్టినా బాగుండేది.

నమోదు 5. కృత్తిక, పన్నెండో రోజు. గాలి పడమర. గదిలో వేడి 41.

ఈ పుస్తకంలో వేడికి గడి లేదు. నేనే గీసుకున్నాను.

మండలికి రాసిన ఉత్తరానికి జవాబుగా శేషఫణి గారే వచ్చారు. అదే పళ్ళెం పొద్దున ఎనిమిదింటికి చూపించాను. పద్దెనిమిది. మధ్యాహ్నం రెండింటికి చూపించాను. సున్నా. తర్వాత గుమ్మం బయట పడున్న కుండలో, చీరచెంగు తడిపి కప్పి, బిళ్ళని అరగంట ఉంచి మళ్ళీ చూపించాను. పదహారు.

మనిషి తెలివైనవాడు, రెండోసారి చెప్పాల్సిన పని లేకపోయింది. తెర వంక చూశాడు. తర్వాత గోడ మీద తన సంతకం ఉన్న కాగితం వంక చూశాడు.

"గింజలు నానబెట్టి మొలక చూపిస్తానండి, మూడు రోజుల్లో" అన్నాను.

"మొలక సాక్ష్యం కాదమ్మా. బొమ్మే సాక్ష్యం. పైగా నాటుకి అనుమతి లేని విత్తనం నానబెట్టడం నేరం." గొంతు తగ్గించాడు. "నేనొక దారి చెప్తా. 'బిళ్ళ సరిగ్గా బిగించలేదు, పొరపాటు నాది' అని రాసివ్వండి. మీ తిప్ప విత్తనం చల్లగదిలో మళ్ళీ చదివిస్తా. ఒక్క గింజ కూడా కాలదు. మీ ఉద్యోగం పోతుంది, అంతే."

"మిగతా ముప్ఫై రెండు తిప్పల మాటేంటండి? కుండలు అక్కడా తీయించారుగా."

"వాటితో మీకేం పని?"

"అంటే నియమం అట్టాగే ఉంటది."

"నియమం మండలిది. మండలి పొరపాటు చెయ్యదు" అన్నాడు. నా కళ్ళలోకి చూడకుండా అన్నాడు. రోహిణి రెండో రోజున పడవ వస్తుందట, సంతకం తీసుకోవడానికో, విత్తనం తగలబెట్టడానికో. ఏదన్నది నా ఇష్టమట.

ఆయన పడవ మలుపు తిరగ్గానే ఈ పుస్తకంలో ఇప్పటిదాకా రాసిందంతా నకలు తీయడానికి కూర్చున్నాను. ముప్ఫై రెండు నకళ్ళు. ప్రతిదాని కిందా ఒకటే మాట: బిళ్ళ పక్కన వేడి కొలిచే గొట్టం పెట్టండి, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి అదే గింజ చూడండి, చూసింది రాయండి. చేపల పడవల వాళ్ళు తలా నాలుగు పట్టుకెళ్ళారు.

నమోదు 6. కృత్తిక, పధ్నాలుగో రోజు. గాలి సముద్రం నుంచి. వేడి 39.

డిపో మెట్ల మీద ఊరంతా కూర్చుంది. జరిగింది జరిగినట్టు చెప్పాను. గంగులు మావ నాతో మాట్లాడి ఆరు రోజులైంది. ఇవాళ మాట్లాడాడు.

"పెట్టవే సంతకం. చెయ్యి అరుగుద్దా?"

"పెట్టను మావా. నియమం రాగానే నోరుమూసుకున్నా, అది నా తప్పు. నువ్వు గింజలు మార్చావన్నా, అదీ నా తప్పు. రెండూ రాసిస్తా. బిళ్ళ బిగించలేదని మాత్రం రాయను. నేను సరిగ్గానే బిగించా."

"నీ పౌరుషం కోసం మా విత్తనం తగలెట్టుకోవాలా?"

ఆయన అడిగింది న్యాయమే. నేను సంతకం పెడితే ఇవాళ్టికి ఊరు బతుకుతుంది. నా ఉద్యోగం ఎంత, ఊరి ముందు! అయినా నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. వాళ్ళు చెప్పినట్టు విని ఒకసారి నూట నాలుగు సంతకాలు పెట్టాను. మళ్ళీ వాళ్ళు చెప్పినట్టు విని ఇంకోటి పెట్టాలా?

"సంతకం పెడితే కుండ తిరిగి రాదు" అన్నాను. "వచ్చే ఏడు మళ్ళా మధ్యాహ్నం చదువుతాం, మళ్ళా పడమటి వీధే తాలవుద్ది. అప్పుడు ఇంకొకత్తి చేత రాయిస్తారు."

అప్పుడే రేవు నుంచి పీతలంక తిప్ప కబురు వచ్చింది. అక్కడ పొరలు చదివే రెహానా రాసింది. నా నకలు అందగానే ఆమె పొద్దునా మధ్యాహ్నం చూసిందట. నేను చెప్పిందే నిజమట. కానీ అందింది నిన్న. మొన్నే అరవై ఒక్క ఇళ్ళ విత్తనం రేవులో కుప్పపోసి కాల్చేశారు. "నాంచారక్కా, ఆ అరవై ఒక్క కాగితాల మీదా సంతకం నాదే" అని రాసింది. ఆ ముక్క చదవలేక ఆగిపోయాను. పక్కనున్న పిన్ని కాగితం తీసుకుని మిగతాది చదివింది.

మావ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"అరవై ఒక్క ఇళ్ళా?"

"అవును మావా."

"అంతా మంచి గింజేనా?"

"అంతా మంచి గింజే."

మావ లేచాడు. "మన గింజకి అంకురం లేదని గదా వాళ్ళ మాట? అయితే కళ్ళతో చూసి పోతారు. మండె కడదాం."

మండె కట్టడమంటే విత్తనం నానబోసి గోనెల్లో బిగించి మొలకెత్తించడం. ఒకసారి మొలక వచ్చాక వెనక్కి పోవడం లేదు. రెండు రోజుల్లో నారుమడిలో చల్లాల్సిందే. వానలు మృగశిరకి గానీ రావు, అవీ వస్తే. నారుమడికి పెట్టాల్సినవి మేం తాగే నీళ్ళే. ఏ లెక్కన చూసినా పిచ్చి పని.

"ఇంటికి రోజూ రెండు బిందెలు మడికి. స్నానాలు ఏట్లో" అంది అంకమ్మ పెద్దమ్మ.

"ఉప్పు నీళ్ళతో నా జుట్టేం కాను?" అంది ఎవరో తూర్పు వీధి పడుచు. అందరూ నవ్వారు. నవ్వుతూనే లేచి గోనెలకి పోయారు. తూర్పు వీధి విత్తనానికి ఏ గండమూ లేదు. అయినా వాళ్ళూ తమ గింజలు తెచ్చి నానబోశారు. పడమటి వీధిని ఒక్కదాన్నే వదిలేస్తే రేపు ఏ మొహంతో ఎదురుపడాలన్నారు.

నమోదు 7. రోహిణి కార్తె, రెండో రోజు. గాలి పడమర. వేడి 44.

పడవ వచ్చింది. శేషఫణి గారు, ఇద్దరు మనుషులు, ఆరు డబ్బాల కిరసనాయిలు.

"సంతకం?" అన్నాడు.

"పెట్టనండి."

ఆయన మొహంలో కోపం లేదు, అలసట ఉంది. పడమటి వీధి బస్తాలు బయట వేయించాడు. నూట నాలుగు. కిరసనాయిలు పోశారు, అగ్గిపుల్ల గీశారు. భగ్గుమని లేచింది. ఆడవాళ్ళు కొందరు చెంగులు నోట్లో కుక్కుకున్నారు. మంట గోనెల పైపైన పాకి, సర్రుమని ఆవిరి లేచి, పొగై ఆరిపోయింది.

మళ్ళీ పోశారు. మళ్ళీ పొగ.

"ఏంటిది? తడిసినయ్యా?" అని ఒకతను బస్తా కుట్టు కోశాడు. వెచ్చటి వాసన గుప్పుమంది. లోపల ఎర్ర గింజల మధ్య తెల్లటి మొలకలు, గోరంత గోరంతవి, ఒకదానికొకటి అల్లుకుని ఉన్నాయి. చెయ్యి పెట్టినవాడు తీయడం మర్చిపోయాడు.

గంగులు మావ ముందుకెళ్ళి ఒక పిడికెడు తీసి శేషఫణి గారి అరచేతిలో పోశాడు. "తాలండి. మీ కాగితం ప్రకారం."

"ఇది నేరం, తెలుసా?" అన్నాడు ఆయన. మాట అన్నాడు గానీ అరచెయ్యి దులపలేదు.

"తెలుసండి. ఎవరెవరి పేర్లు రాసుకోవాలో రాసుకోండి. రెండు వందల ముప్ఫై ఎనిమిదిళ్ళు. నిదానంగా చెప్తాం" అన్నాను. నా నోరు ఈసారి వేళకే లేచింది.

జనం బస్తాలు తలకెత్తుకుని ఆయన పక్క నుంచే నారుమడికి నడిచారు. పైపైన మాడిన గింజలు ఆడవాళ్ళు ఏరి పారేశారు. బస్తాకి శేరెడు కూడా పోలేదు. ఆపమని ఆయన తన మనుషులకి చెప్పలేదు. పోటు వచ్చేదాకా పడవ కదలదు గనక గుమ్మంలోనే కూర్చున్నాడు. గ్లాసుడు నీళ్ళిచ్చాను. సగం తాగి, సగం తిరిగి బిందెలో పోశాడు. తర్వాత నివేదిక పుస్తకం తెరిచాడు.

"ఏం రాయమంటారు?"

"చూసింది రాయండి."

కలం తీశాడు. రాశాక నాకు చూపించాడు. 'విత్తనం తడిగా ఉన్నందున తగలబడలేదు.' అంతే. మొలక మాట లేదు, వేడి మాట లేదు. అబద్ధమూ కాదు. పిరికి మనిషి రాయగలిగిన నిజం అంతవరకే.

నమోదు 8. రోహిణి, పదో రోజు. గాలి లేదు. వేడి 45.

మంచినీళ్ళ పడవ రావాల్సిన రోజు మొన్న. రాలేదు. సాగు జాబితాలోంచి మమ్మల్ని కొట్టేశారని చేపల పడవ వాళ్ళు చెప్పారు. పొరకన్నుని కూడా నిన్న పట్టుకుపోయారు. నన్ను తీసేసినట్టు కాగితం ఇచ్చారు. ఇప్పుడు నేను ఎవరికీ ఏమీ రాయాల్సిన పని లేదు, అందుకే రాస్తున్నాను.

ఇంటికి మూడు బిందెలు మిగిలాయి. ఒకటి మడికి, ఒకటి మనుషులకి, ఒకటి రేపటికి. చంటిబిడ్డల ఇళ్ళ నుంచి తీసుకోవద్దన్నాను. వాళ్ళు విన్లేదు. మడిలో నారు నాలుగు వేళ్ళెత్తుంది. కొసలు పసుపు తిరిగాయి. రోజుకి పదిసార్లు గట్టు మీదకి పోయి చూస్తున్నాను. ఇవాళ అక్కడే కూర్చుని ఏడ్చాను. పెద్దమ్మ వచ్చి పక్కనే కూర్చుంది.

తిప్పల నుంచి ఉత్తరాలొస్తున్నాయి. పద్నాలుగు చోట్ల చదివేవాళ్ళు వేడి గడి గీసుకున్నారు. ఆరుచోట్ల కాల్చడానికి వచ్చిన మనుషుల ముందు పళ్ళెం పెట్టి పొద్దునా మధ్యాహ్నం చూపించారట. రెండుచోట్ల పడవలు ఏదీ కాల్చకుండా తిరిగిపోయాయి. నాలుగుచోట్ల కాలిపోయింది.

నమోదు 9. మృగశిర కార్తె, రెండో రోజు. గాలి నైరుతి.

వాన. పొద్దుటి నుంచి. ఊళ్ళో ఉన్న పాత్రలన్నీ బయటే ఉన్నాయి. ఇంతకన్నా రాయలేను, కాగితం తడుస్తోంది.

నమోదు 10. మృగశిర, పదో రోజు. గాలి నైరుతి. వేడి 33.

మండలి నుంచి ఉత్తర్వు వచ్చింది. శేషఫణి గారి నివేదిక మీద వాళ్ళ నిర్ణయం. గట్టు మీద నిలబడి అందరికీ చదివి వినిపించాను: 'గవ్వలతిప్ప విత్తనమును ఆరబెట్టి, పిదప తగలబెట్టవలెను.'

నారు మూరెడెత్తు ఉంది. గంగులు మావ నడుములోతు పచ్చదనంలో కూర్చుని పీకుతున్నాడు. "ఇంకోసారి చదవ్వే" అన్నాడు. చదివాను. మడిలో ఉన్నవాళ్ళంతా పనాపి నవ్వారు. నవ్వీ నవ్వీ పెద్దమ్మకి దగ్గొచ్చింది.

నవ్వు ఆగాక మావ లేచి, పీకిన కట్టలు రెండు వరసలుగా పేర్చాడు. ఒకటి మన పొలాలకి. రెండోది చూపించి, "ఇయ్యి పీతలంకకి. అరవై ఒక్క ఇళ్ళు" అన్నాడు. ఎవరూ ఎంత అని అడగలేదు. తమకి ఎక్కువైందని తూర్పు వీధి పడుచు ఇంకో పది కట్టలు తెచ్చి ఆ వరసలోనే వేసింది.

బొమ్మ లేకుండా ఒక తిప్ప నుంచి ఇంకో తిప్పకి మొక్క దాటించడం నేరం. పడవతో పాటు, చదివిన మనిషి సంతకంతో చీటీ వెళ్ళాలి. నన్ను తీసేశారు గనక నా సంతకం చెల్లదని మావకి చెప్పాను.

"రెహానాకి చెల్లుద్దిలే" అన్నాడు.

పడవ అంచు మీద కాగితం పెట్టి ఈ చీటీ రాశాను. నకలు ఇక్కడ ఉంచుతున్నాను.

గవ్వలతిప్ప నుంచి పీతలంకకి.
వరి: ఉప్పెర్ర.
బొమ్మ: లేదు.
మొక్క: బతికి ఉంది. చూసింది నా కళ్ళతో.
చూసిన వేళ: మధ్యాహ్నం రెండు గంటలు.
చదివిన మనిషి: నడకుదిటి నాంచారి. పొరపాటుంటే నాది.